ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్) గడువు నాలుగు నెలల్లో అయిపోతుంది, ఎనిమిది నెలలుగా ఫ్లయింగ్ లేదు. హన్మకొండలో ఇంటి దగ్గర ఉండి ఏం చేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగింది ఒక కుర్ర పైలట్. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ఉంది, మల్టీ ఇంజిన్ మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత) ఉంది. ఎయిర్‌లైన్ ఖాళీల కోసం ఎదురుచూస్తూ హన్మకొండలో ఇంటి దగ్గర ఉంటున్నాడు. ఆఖరిసారి విమానం నడిపింది ఎనిమిది నెలల కిందట, ఐఆర్ చెక్ (ఎగ్జామినర్ పక్కన కూర్చుని పెట్టే ఫ్లయింగ్ పరీక్ష) రోజునే. ఇంకో నాలుగు నెలల్లో గడువు. "వారం ముందు వెళ్లి నాలుగు గంటలు ఫ్లయింగ్ చేసి చెక్ ఇచ్చేస్తే సరిపోదా? ఈలోగా ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడిగాడు.

తమ్ముడూ, నా స్టూడెంట్ల వయసే కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు. నాది పరకాల దగ్గర ఊరు. పద్నాలుగేళ్లుగా ఇన్‌స్ట్రక్టర్‌ని. అందులో ఎక్కువ కాలం ఐఆర్ నేర్పడం, రెన్యువల్‌కి వచ్చేవాళ్లను సిద్ధం చేయడమే పని.

సూటిగా చెప్తే: వారం ముందు వెళ్తే సరిపోదు. ఇవాళ్టి నుంచి రోజుకు అరగంట ఇంట్లోనే పని చెయ్యి. రెండో నెల నుంచి సిమ్యులేటర్ మొదలుపెట్టు. గడువుకు కనీసం నెల ముందే చెక్ ఇచ్చెయ్. ముందే ఇస్తే కొన్ని రోజుల వ్యాలిడిటీ పోతుందేమోనని లెక్కలు వేసేవాళ్లను చూశాను. పోతే పోనీ. ఆ రోజు వాతావరణం బాగోలేకపోయినా, విమానం మెయింటెనెన్స్‌లో ఉన్నా, ఎగ్జామినర్ దొరక్కపోయినా, నువ్వే తప్పినా, మళ్లీ ప్రయత్నించడానికి చేతిలో టైమ్ ఉంటుంది.

సీపీఎల్ చూసుకుని ధీమాగా ఉండకు. 2023లో రూల్స్ మార్చి లైసెన్స్ వ్యాలిడిటీని ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. ఐఆర్ మాత్రం ఏడాదికే. పైగా మన దేశంలో అది లేకపోతే చేయగలిగేది చాలా తక్కువ. సూర్యాస్తమయం అయిన 20 నిమిషాల తర్వాత నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు దాకా వీఎఫ్ఆర్ (కంటితో బయట చూస్తూ నడిపే) ఫ్లయిట్‌కు అనుమతి ఉండదు. లోకల్ ఫ్లయిట్లకు, ట్రైనింగ్‌కు ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఇచ్చే మినహాయింపు వేరే సంగతి. అంటే ఐఆర్ అనేది మబ్బుల కోసమే కాదు, రాత్రి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లడానికి కూడా అదే కావాలి.

ఇప్పుడు ఎందుకు సరిపోదో చెప్తా. ఎనిమిది నెలలు గ్యాప్ వస్తే చేయి మొద్దుబారిపోతుందని అందరూ భయపడతారు. నేను చూసినంతవరకు చేయి రెండు గంటల్లో తిరిగొస్తుంది. సైకిల్ తొక్కడం లాంటిదే అది. ముందుగా పోయేవి వేరే రెండు. ఒకటి చూపు తిరిగే వరస, అంటే స్కాన్. రెండోది పనుల వరస: ఏ రేడియో ఎప్పుడు పెట్టాలి, ఏది ఎప్పుడు చెక్ చేయాలి, ఎప్పుడు మాట్లాడాలి. ఈ రెండూ నాలుగు గంటల ఫ్లయింగ్‌తో రావు. కానీ ఇంట్లో పైసా ఖర్చు లేకుండా తిరిగి తెచ్చుకోవచ్చు.

నా కథే చెప్తా. ఉద్యోగం లేని ఏడాది ఒకటి నాకూ ఉంది. ఏడు నెలల గ్యాప్ తర్వాత నీలాగే ఆలోచించి, రెండు గంటలు నడిపి చెక్‌కు కూర్చున్నా. ఆల్టిట్యూడ్ 50 అడుగులు కదలట్లేదు, హెడింగ్ పక్కాగా ఉంది, మనసులో మీసం తిప్పుకుంటున్నా. ఐఎల్ఎస్ (రన్‌వే దాకా దారి చూపే రేడియో వ్యవస్థ) ఫ్రీక్వెన్సీ పెట్టా, సూది మధ్యలోకి వచ్చి నిలబడింది. హాయిగా వెళ్తున్నా. గ్లైడ్ స్లోప్ (దిగాల్సిన వాలు చూపే సూది) ఎంతకీ దిగి రావట్లేదు. పక్కనున్న ఎగ్జామినర్ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు, ఏమీ అనట్లేదు. చివరికి రన్‌వే కిందనుంచి దాటిపోయింది. సూది ఇంకా జీపీఎస్ మీదే ఉంది. నావ్ (రేడియో) మీదకు మార్చలేదు. ఐడెంట్ (ఏ స్టేషనో చెప్పే మోర్స్ సంకేతం) వినలేదు. రెండు సెకన్ల పని. "నీ చేతులు బాగున్నాయి" అన్నాడాయన దిగాక. అంతకంటే తిట్టినా బాగుండేది. మళ్లీ డబ్బు, మళ్లీ స్లాట్, మళ్లీ నెలన్నర.

అందుకే ఇంటి దగ్గర చేయాల్సిన పని గురించే ఎక్కువ రాస్తున్నా.

స్కాన్. నీ విమానం కాక్‌పిట్ ఫోటోను అసలు సైజులో ప్రింట్ తీయించి గోడకు అంటించు. ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకో. నేను చేతిలో పప్పుగుత్తి పట్టుకునేవాణ్ణి. మా అమ్మ రెండ్రోజులు చూసి, మూడో రోజు వేరే పప్పుగుత్తి కొనుక్కుంది. నవ్వులాటకు చెప్పట్లేదు, చేతిలో ఏదో ఒకటి ఉంటేనే ఒళ్లు నమ్ముతుంది. ఆటిట్యూడ్ ఇండికేటర్ (విమానం వంపు చూపే పరికరం) మీద మొదలుపెట్టి ఆల్టిమీటర్ (ఎత్తు), మళ్లీ ఆటిట్యూడ్, హెడింగ్ (దిశ), మళ్లీ ఆటిట్యూడ్, స్పీడు, మళ్లీ ఆటిట్యూడ్. ప్రతిసారీ మధ్యకు తిరిగి రావాలి. చూసింది నోటితో పైకి చెప్పాలి. గ్యాప్ వచ్చినవాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు, ఆల్టిమీటర్ వంద అడుగులు తేడా కొట్టగానే చూపు అక్కడే అతుక్కుపోవడం. అది సరిచేసేలోపు హెడింగ్ పదిహేను డిగ్రీలు పోతుంది. అప్పుడు హెడింగ్‌కు అతుక్కుపోతారు. ఇంతలో స్పీడు పోతుంది.

అంకెలు కూడా నోటికి రావాలి. రేట్ వన్ టర్న్ అంటే సెకనుకు 3 డిగ్రీలు, రెండు నిమిషాలకు పూర్తి చుట్టు. బ్యాంక్ (పక్కకు వంపు) ఎంత కావాలంటే స్పీడును పదితో భాగించి ఏడు కలుపు. 100 నాట్లకు 17 డిగ్రీలు. 3 డిగ్రీల గ్లైడ్ స్లోప్ మీద దిగాల్సిన రేటు కావాలంటే గ్రౌండ్ స్పీడును ఐదుతో గుణించు. 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు. ఎదురుగాలి 20 నాట్లు ఉంటే? 70 ఐదులు 350. ఇవి కూరగాయల బేరం ఆడేటప్పుడు అడిగినా చెప్పేలా ఉండాలి.

హోల్డింగ్, అంటే దిగే వంతు వచ్చేదాకా ఒకచోట చుట్లు కొడుతూ ఆగడం. దీనికి మీ డాబా చాలు. ముగ్గు పిండితో నేల మీద రేస్‌ట్రాక్ గీసి, ఫిక్స్ (చుట్టు మొదలయ్యే బిందువు) ఉన్నచోట ఒక చెంబు పెట్టు. చేతిలో ఫోన్ కంపాస్ పట్టుకుని ఏదో ఒక దిక్కు నుంచి చెంబు వైపు నడువు. ఆ చుట్టులోకి చేరే పద్ధతి ఏది, డైరెక్టా, పారలలా, టియర్‌డ్రాపా? చెంబు దగ్గరికి వచ్చేలోపు పైకి చెప్పాలి. చెంబు దాటగానే టర్న్, టైమ్ నొక్కడం, కోర్సు తిప్పడం, పవర్, ఆ తర్వాతే మాట. 14,000 అడుగుల వరకు అవుట్‌బౌండ్ (ఫిక్స్ నుంచి దూరంగా వెళ్లే వైపు) ఒక నిమిషం. పొరుగువాళ్లు రెండు రోజులు వింతగా చూస్తారు, తర్వాత అలవాటు పడతారు. కాగితం మీద ఎంట్రీలు గీసేవాళ్లు కాక్‌పిట్‌లో తడబడటం చాలాసార్లు చూశా. నడిచినవాళ్లు తడబడటం తక్కువ. ఒంటికి దిక్కు తెలియాలి, అంతే.

చార్టులు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైట్‌లో ఏఐపీ (ఎయిర్‌పోర్టుల, వాయుమార్గాల అధికారిక సమాచారం) మొత్తం ఉచితంగా దొరుకుతుంది. చెక్ ఎక్కడ ఇవ్వబోతున్నావో ఆ ఎయిర్‌పోర్టుదీ, దాని ఆల్టర్నేట్‌దీ (అక్కడ దిగలేకపోతే వెళ్లే ఎయిర్‌పోర్టుదీ) చార్టులు తీసుకుని రోజుకొకటి గట్టిగా బ్రీఫ్ చెయ్యి. ఫ్రీక్వెన్సీ, ఐడెంట్, ఫైనల్ కోర్సు, మినిమా (ఎంత ఎత్తు దాకా దిగొచ్చో), మిస్డ్ అప్రోచ్ (రన్‌వే కనబడకపోతే పైకి వెళ్లే పద్ధతి), ఈ వరసలో. మిస్డ్ అప్రోచ్ మొదటి రెండు చర్యలు చార్టు మూసేశాక కూడా గుర్తుండాలి. క్యాటగిరీ వన్ ఐఎల్ఎస్‌లో డెసిషన్ హైట్ (దిగాలో, పైకి వెళ్లాలో తేల్చుకునే ఎత్తు) 200 అడుగుల దాకా తగ్గొచ్చు. నిమిషానికి 450 అడుగులు దిగేవాడు అక్కడి నుంచి అర నిమిషం లోపే నేలకు వస్తాడు. చార్టు వెతకడానికి అది సమయం కాదు.

కాజీపేటలో పొద్దున రైలెక్కితే సికింద్రాబాద్‌కు రెండు గంటలు పడుతుంది కదా, సిమ్‌కు వెళ్లే రోజు ఆ రెండు గంటలు దీనికే పెట్టుకో. రీల్స్ చూస్తూ వెళ్లేవాళ్లను మొదటి పది నిమిషాల్లోనే గుర్తుపట్టేస్తాను.

వాతావరణం. ఇది మనవాళ్లు పరీక్ష పాసవగానే వదిలేసే సబ్జెక్టు. రోజూ పొద్దున ఆరింటికి షంషాబాద్ మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టు) చదువు. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత) తేడా ఒకటి రెండు డిగ్రీలకు పడిపోయిందంటే, గాలి కూడా లేకపోతే, మంచుకో పొగమంచుకో సిద్ధంగా ఉండాలి. మనకు మెటార్ ఇచ్చే ఎయిర్‌పోర్టు దగ్గర్లో లేదు కాబట్టి డాబా ఎక్కి నువ్వే విజిబిలిటీ అంచనా వెయ్యి. పద్మాక్షి గుట్ట ఎంత దూరమో మ్యాపులో కొలిచి పెట్టుకో. దానికంటే దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకో, సెల్ టవరో ఇంకోటి పెట్టుకో. డిసెంబర్, జనవరి పొద్దున్నే భద్రకాళి చెరువు వైపు చూస్తే వీఎఫ్ఆర్‌కు కావాల్సిన 5 కిలోమీటర్లు ఎంత త్వరగా మాయమవుతాయో కంటికి తెలుస్తుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) ఎలా లేస్తుందో కూడా మన దగ్గర చక్కగా కనిపిస్తుంది. మూడింటికి తెల్లగా గోబీపువ్వులా ఉన్నది ఐదింటికి పైన చదునై గాలిదుమారం అయిపోతుంది. మామిడి కాయలన్నీ రాలిపోయాక రైతు తిట్టుకునే మబ్బు అదే. ఐఆర్ ఉన్నా అందులోకి వెళ్లకూడదు. ఐఆర్ మామూలు మబ్బుల కోసం.

ఇక, ఇంట్లో కంప్యూటర్ మీద మైక్రోసాఫ్ట్ సిమ్యులేటరో, ఎక్స్‌ప్లేనో ఆడితే పనికొస్తుందా అని నా స్టూడెంట్లు తరచూ అడుగుతారు. వస్తుంది, పనుల వరసకు. ఆటోపైలట్ తీసేసి, బయటి దృశ్యం మొత్తం మబ్బు పెట్టి ఆడు. దాన్ని లాగ్‌బుక్‌లో రాసుకోవడానికి కుదరదు. ఇంకో సంగతి, దానిలో ఒళ్లు మోసం చేయదు. నిజం విమానంలో చేస్తుంది.

ఆ మోసం గురించి కొంచెం ఆగి చెప్పాలి. చిన్నప్పుడు ఒప్పుల కుప్ప ఆడినవాళ్లకు తెలుసు, ఆగిన తర్వాత కూడా లోకం తిరుగుతూనే ఉంటుంది. చెవి లోపల మూడు అర్ధవృత్తాకార గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, అప్పుడు తిరుగుతున్నట్టు తెలుస్తుంది. అదే వేగంతో కాసేపు తిరిగితే ద్రవం కూడా అందుకుంటుంది, తిరగట్లేదని మెదడు అనుకుంటుంది. అప్పుడు రెక్కలు సమం చేస్తే దానికి ఎదురు పక్కకు తిరుగుతున్నట్టు ఉంటుంది. 1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనింగ్ లేని 20 మందిని బయట ఏమీ కనిపించని పరిస్థితిలో పరీక్షించారు. ఇరవై మందీ విమానం మీద అదుపు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు.

నాకు జరిగింది ఇది. ట్రైనింగ్ రోజులు, జులై నెల, నిజం మబ్బు. ఎడమకు 20 డిగ్రీల బ్యాంక్‌లో తిరుగుతున్నాం. మోకాలి మీది పెన్సిల్ జారి రడ్డర్ పెడల్స్ దగ్గర పడింది. వంగి తీసుకుని ఒక్కసారి తల ఎత్తా. సీటు కుడివైపుకు బోర్లా పడుతున్నట్టు అనిపించింది. అనిపించడం కాదు, ప్రమాణం చేసి చెప్పేంత నమ్మకం. చేయి దానంతటదే ఎడమకు తోసింది. గాలి చప్పుడు పెరుగుతోంది, స్పీడు సూది పైకి పోతోంది, ఆల్టిమీటర్ గిరగిరా తిరుగుతోంది. నేను వెంటనే యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగబోయా. పక్కన ఇన్‌స్ట్రక్టర్ నా చేతి మీద ఒక్క వేలు పెట్టి "బొమ్మ చూడు" అన్నాడు. ఆటిట్యూడ్ ఇండికేటర్‌లోని చిన్న విమానం బొమ్మ. అది 45 డిగ్రీలు ఎడమకు పక్కకు పడి ఉంది. పవర్ తగ్గించు, రెక్కలు సమం చెయ్, ఆ తర్వాతే ముక్కు లేపు. ముందే లాగితే చుట్టు ఇంకా బిగుసుకుంటుంది. వరస మారితే అంతే సంగతులు. బయటకు వచ్చాక కూడా రెండు నిమిషాలు నేను ఎడమకు ఒరిగి కూర్చున్నానని ఆయనే చెప్పాడు, నాకు తెలియదు.

అప్పటి నుంచి పెన్సిల్‌కు దారం కట్టి మోకాలి ప్యాడ్‌కు ముడేస్తాను. మబ్బులో తల వంచను. పడింది పడిందే.

సిమ్యులేటర్ సంగతి. బుక్ చేసేటప్పుడు గంటన్నర చొప్పున నాలుగు సెషన్లు తీసుకో, ఒకేరోజు ఆరు గంటలు వద్దు. మొదటి సెషన్‌లో అప్రోచ్‌లు (రన్‌వే వైపు దిగి రావడం) అడగొద్దు. బేసిక్స్ మాత్రమే: నేరుగా, సమంగా, టర్నులు, ఎక్కడం, దిగడం, అన్‌యూజువల్ ఆటిట్యూడ్ రికవరీ (విమానం ఒరిగిపోయిన స్థితి నుంచి తేరుకోవడం). ఇది బోరు అని ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఎగరగొట్టేస్తారు, నువ్వు పట్టుబట్టు. రెండోదానిలో వీఓఆర్ (దిశ చూపే నేల మీది రేడియో స్టేషన్) ట్రాకింగ్, హోల్డింగ్. మూడోదానిలో ఐఎల్ఎస్, నాన్ ప్రెసిషన్ (గ్లైడ్ స్లోప్ లేని అప్రోచ్), ప్రతి అప్రోచ్‌కూ గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి వెళ్లడం). నాలుగోదానిలో ఒక ఇంజిన్ ఆగిపోయి, ఒక స్క్రీన్ ఆరిపోయి. ఆ తర్వాత విమానంలో ఒకటి రెండు గంటలు, అప్పుడు చెక్. మల్టీ ఇంజిన్ గంట ఎంతో నీకు నేను చెప్పనక్కర్లేదు, నేల మీద నేర్చుకోగలిగింది గాల్లో నేర్చుకోవడం ఎందుకు?

ఒక జాగ్రత్త. ప్యాకేజీ మొత్తం డబ్బు ముందే కట్టకు. ఒకచోట నా స్టూడెంట్ ఒకతను మొత్తం కట్టేశాక మూడుసార్లు స్లాట్ వాయిదా వేశారు, ఈలోగా అతని ఐఆర్ గడువు దాటిపోయింది. సెషన్ సెషన్‌కూ కట్టు, రాతపూర్వకంగా తేదీ తీసుకో.

చెక్ రోజున సూది సగం దాటిపోతే దాన్ని తరుముకుంటూ కిందకు పోవద్దు. "గో అరౌండ్" అని చెప్పి పైకి వెళ్లు. గో అరౌండ్ చేసినందుకు నేను ఎవరినీ ఫెయిల్ చేయలేదు. సరిచేద్దామని 300 అడుగుల దాకా మొండిగా వచ్చినవాళ్లను మాత్రం ఫెయిల్ చేశా.

అమెరికాలో ట్రైనింగ్ చేసి వచ్చిన మన పిల్లలు చాలామంది ఇక్కడ తికమక పడతారు. అక్కడ ఏటా చెక్ పద్ధతి కాదు. ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్, ట్రాకింగ్ చేసి ఉంటే కరెంట్‌గా (అర్హత నిలిచి) ఉన్నట్టు. అది తప్పితే ఇంకో ఆరు నెలలు సేఫ్టీ పైలట్‌తో (పక్కన కూర్చుని బయట కాపుకాసే పైలట్) చేసుకోవచ్చు, అదీ దాటితే ప్రొఫిషియెన్సీ చెక్. మన డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) లెక్క ఏడాదికి చెక్. కానీ నన్నడిగితే ఆ ఆరు అప్రోచ్‌ల పద్ధతిని కూడా సొంతంగా పాటించడం మంచిది, సిమ్‌లోనైనా సరే. ఎయిర్‌లైన్‌లో చేరాక ఎలాగూ ఆరు నెలలకొకసారి ప్రొఫిషియెన్సీ చెక్ ఉంటుంది.

ఇంకా ఐఆర్ లేనివాళ్లకు ఒక్క మాట: మన రూల్స్ ప్రకారం 50 గంటల క్రాస్‌కంట్రీ పైలట్ ఇన్ కమాండ్ (ఊరి నుంచి ఊరికి తనే బాధ్యుడిగా నడిపిన సమయం), 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ కావాలి, అందులో సిమ్యులేటర్ 20 గంటలకు మించకూడదు. లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రుమెంట్ కాలమ్ మొదటి రోజు నుంచీ సరిగ్గా నింపుకోండి. తర్వాత కూర్చుని లెక్క తేల్చుకోవడం నరకం.

మామునూరు (వరంగల్ దగ్గరి పాత ఎయిర్‌పోర్టు) మొదలైతే ఇక్కడే చేసుకోవచ్చా అని కూడా చివర్లో అడిగావు. చిన్నప్పుడు ఆ గడ్డి మొలిచిన రన్‌వే చూసే నాకు ఈ పిచ్చి పట్టింది. నిజాం కాలంలో కట్టింది, 1980ల మొదట్లో మూతపడింది, 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది. ఎవరికైనా సంతోషమే. కానీ నీ గడువు నాలుగు నెలలు, దాని మీద ఆశ పెట్టుకోకు. హైదరాబాద్ వెళ్లాల్సిందే.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు వంటింట్లో అమ్మ పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీద నాలుగు తేదీలు ఎర్ర పెన్‌తో రాయి: ఐఆర్, క్లాస్ వన్ మెడికల్, ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ, రేడియో లైసెన్స్. ఇంగ్లిష్ లెవల్ నాలుగైతే మూడేళ్లకు, ఐదైతే ఆరేళ్లకు మళ్లీ రాయాలి, లెవల్ ఆరుకు గడువు లేదు. ఐఆర్ గురించి ఆందోళన పడుతూ మెడికల్ మర్చిపోయిన వాళ్లు నా దగ్గరికి ఏటా ఒకరిద్దరు వస్తారు. మెడికల్ లేకుండా చెక్‌కు కూర్చోబెట్టరు, స్లాట్ దొరకడానికి టైమ్ పడుతుంది. నీదెప్పటిదాకా ఉందో నీ ప్రశ్నలో రాయలేదు. ఈ రాత్రికే చూసుకో. దగ్గర పడి ఉంటే ముందు మెడికల్ స్లాట్, ఆ తేదీని బట్టే సిమ్ బుకింగ్.